కారణం లేదు, ఆపే తేదీ లేదు: యాసిడ్ తగ్గించే మందులపై ఆసుపత్రుల ఔషధ కమిటీలకు బహిరంగ లేఖ

ఔషధ కమిటీల అధ్యక్షులకు, మెడికల్ సూపరింటెండెంట్లకు, నర్సింగ్ సూపరింటెండెంట్లకు

నమస్కారం.

మీ ఆసుపత్రి జనరల్ వార్డులో ఈ రోజు ఉన్న రోగుల చార్టులు ఓ ఇరవై తీయించి చూడండి. యాసిడ్ తగ్గించే పాంటోప్రజోలో, ఒమెప్రజోలో, ఫామోటిడినో రాసి ఉన్నవి పక్కన పెట్టండి. ఆ మందు ఎందుకు మొదలుపెట్టారో వాటిలో ఎన్నింట్లో రాసి ఉంది? ఎప్పుడు ఆపాలో ఎన్నింట్లో ఉంది? మొదటిది అక్కడక్కడా కనిపిస్తుంది. రెండోది దాదాపు ఎక్కడా ఉండదు. ఈ లేఖలో మేం అడుగుతున్నది ఆ రెండు గళ్ల గురించే. స్ట్రెస్ అల్సర్ (తీవ్రమైన జబ్బులో జీర్ణాశయంలో లేచే పుండు) నివారణ కోసం రాసే ప్రతి ఆర్డర్‌లో కారణం, ఆపే షరతు తప్పనిసరి చేయండి. మొదటి డోసు ఆపమని మేం అనడం లేదు. 24 గంటల్లోగా ఆ రెండు గళ్లూ నిండకపోతే ఫార్మసీ నుంచి వార్డుకు ఫోను వెళ్లాలి, అంతే.

ఈ మందులు పనికిరానివని చెప్పడం మా ఉద్దేశం కాదు. సరైన రోగికి అవి బాగా పనిచేస్తాయి. అసలు చిక్కు ఎక్కడుందో తెలియాలంటే ఆ పుండు ఎలా పుడుతుందో ముందు చూడాలి.

షాక్‌లో, అంటే బీపీ ప్రమాదకరంగా పడిపోయిన స్థితిలో, ఉన్న శరీరం రక్తాన్ని గుండెకు, మెదడుకు మళ్లించి పొట్టకు కోత పెడుతుంది. జీర్ణాశయం లోపలి పొరకు రక్తం చాలకపోతే దాన్ని కాపాడే జిగురు, బైకార్బనేట్ తయారీ తగ్గిపోతాయి. అప్పటిదాకా ఏ హానీ చేయని మామూలు యాసిడ్ ఆ పొరలోకి తిరిగి ఇంకుతుంది. గంటల్లోనే జీర్ణాశయం పైభాగంలో, మధ్యభాగంలో చిన్న చిన్న లోతులేని పుండ్లు అనేకం లేస్తాయి. వాటిలో చాలావరకు ఎవరికీ తెలియకుండానే మానిపోతాయి. కొద్దిమందిలో మాత్రం రక్తనాళం దాకా పోయి రక్తస్రావం అవుతుంది. యాసిడ్‌ను తగ్గించి పీహెచ్‌ను (యాసిడ్ తగ్గేకొద్దీ పెరిగే కొలత) 4 పైన ఉంచితే పెప్సిన్ అనే జీర్ణ ఎంజైము చేష్టలుడుగుతుంది, ఏర్పడిన గడ్డ కరిగిపోదు. మందు చేసే మేలు ఇంతే. రక్తప్రసరణను అది బాగుచేయదు. కాబట్టి బీపీ నిలబెట్టడం, ట్యూబు ద్వారా వీలైనంత త్వరగా ఆహారం మొదలుపెట్టడం కూడా నివారణలో భాగాలే. ఇంజెక్షన్ రాశాం కదా అని ఆ రెండింటినీ వదిలేయకూడదు.

ఇక లెక్కలు. 1994లో డెబోరా కుక్ బృందం 2,252 మంది ఐసీయూ రోగులను గమనించి ప్రచురించిన అధ్యయనం ఈ చర్చకు పునాది. ప్రమాదకరమైన రక్తస్రావం మొత్తమ్మీద 1.5 శాతం మందిలో కనిపించింది. 48 గంటలకు మించి వెంటిలేటర్ మీద ఉండటం, రక్తం గడ్డకట్టే లోపం అనే రెండింటిలో కనీసం ఒకటి ఉన్నవారిలో అది 3.7 శాతం. రెండూ లేనివారిలో 0.1 శాతం. ఒకే ఐసీయూలో, పక్కపక్క పడకల్లో ఉన్నవారి మధ్య ముప్పు ముప్పై ఏడు రెట్లు మారుతోందన్నమాట. అందరికీ ఒకే ఆర్డర్ రాయడం ఎందుకు తప్పో చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఆ తర్వాత వచ్చిన పెద్ద ట్రయల్స్ చిత్రాన్ని మరింత స్పష్టం చేశాయి. 2018లో సప్-ఐసీయూ ట్రయల్ 3,298 మందితో పాంటోప్రజోల్‌ను ప్లాసిబోతో (మందు లేని ఉత్తుత్తి డోసుతో) పోల్చింది. 90 రోజుల మరణాల్లో తేడా రాలేదు: 31.1 శాతం, 30.4 శాతం. రక్తస్రావం మాత్రం 4.2 నుంచి 2.5 శాతానికి తగ్గింది. 2024లో రివైజ్ ట్రయల్ వెంటిలేటర్ మీద ఉన్న 4,821 మందిని తీసుకుంది. రోజుకు 40 మిల్లీగ్రాముల పాంటోప్రజోల్‌తో రక్తస్రావం 3.5 నుంచి 1.0 శాతానికి పడింది. మరణాల్లో ఇక్కడా చెప్పుకోదగ్గ తేడా లేదు. వెంటిలేటర్ న్యుమోనియా రెండు గుంపుల్లోనూ ఇంచుమించు ఒకటే. అంటే ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్న సుమారు 40 మందికి ఈ మందు ఇస్తే ఒకరికి పెద్ద రక్తస్రావం తప్పుతుంది.

వార్డుకు వస్తే కథ మారుతుంది. ఐసీయూ బయటి రోగుల మీద 2011లో వచ్చిన ఒక పెద్ద పరిశీలన 78 వేలకు పైగా అడ్మిషన్లను చూసింది. ఆసుపత్రిలో చేరాక మొదలైన రక్తస్రావం 0.29 శాతం. ఒక్క రక్తస్రావాన్ని తప్పించాలంటే 770 మందికి మందు ఇవ్వాల్సి వస్తుందని ఆ పరిశోధకుల లెక్క. అక్కడ నలభై, ఇక్కడ ఏడొందల డెబ్బై. మందులు మాత్రం అదే రకానివి. అమెరికాలోని సొసైటీ ఆఫ్ హాస్పిటల్ మెడిసిన్ 2013లోనే, ఎక్కువ ముప్పు లేని వార్డు రోగులకు ఈ నివారణ మందులు రాయొద్దని తన సభ్యులకు చెప్పింది.

మరి ఎవరికి ఇవ్వాలి? గడ్డకట్టే లోపం అంటే ప్లేట్‌లెట్లు 50,000 కంటే తక్కువ, లేదా రక్తం గడ్డకట్టే తీరు చూపే పరీక్షల్లో ఐఎన్ఆర్ 1.5 కంటే ఎక్కువ, లేదా ఏపీటీటీ సాధారణానికి రెండింతలు దాటడం. షాక్ అంటే బీపీ నిలబెట్టే మందులు నడుస్తున్న రోగి. దీర్ఘకాలిక కాలేయ జబ్బు మూడోది. ఐసీయూ రోగిలో ఈ మూడింటిలో ఏది ఉన్నా మందు మొదలుపెట్టండి. 2024లో వచ్చిన అమెరికన్ క్రిటికల్ కేర్ మార్గదర్శకాలు ప్రధానంగా పేర్కొన్నవీ ఇవే. వెంటిలేటర్ ఒక్కటే ఉంటే ఇవ్వాలా అన్న దగ్గర నిపుణులంతా ఒక్క మాట మీద లేరు. మా మాట: రివైజ్ ఫలితాలు చూశాక, ఎక్కువ రోజులు వెంటిలేటర్ మీద ఉండేలా కనిపిస్తున్న రోగికి ఇవ్వడమే సబబు. ఉదయం ట్యూబు వేసి సాయంత్రం తీసేసే రోగికి అక్కర్లేదు. తలకు తీవ్రమైన గాయం, ఒంటిమీద పెద్దభాగం కాలిన గాయాలు మొదటినుంచీ జాబితాలో ఉన్నాయి. కుషింగ్ అల్సర్, కర్లింగ్ అల్సర్ అనే పేర్లు ఈ పుండ్లకు వచ్చింది అక్కడి నుంచే. వాటిని తీసేయమని మేం చెప్పం.

ఇవ్వక్కర్లేని కారణాలు మాత్రం వార్డుల్లో రోజూ వినిపిస్తుంటాయి. వయసు ఎక్కువ. రెండు పూటలు నోటితో ఏమీ తినలేదు. స్టెరాయిడ్ నడుస్తోంది. ముందే అనుకున్న చిన్న ఆపరేషన్ అయింది. వీటిలో ఏ ఒక్కటీ విడిగా స్ట్రెస్ అల్సర్ నివారణకు కారణం కాదు. అన్నింటికంటే ఎక్కువ వినిపించేది మరొకటుంది: ‘యాంటీబయోటిక్స్ ఇస్తున్నాం కదా, కడుపులో మంట రాకుండా ఇది కూడా’. యాంటీబయోటిక్ వల్ల వచ్చే వికారాన్నీ విరేచనాలనూ యాసిడ్ తగ్గించే మందు ఆపదు. పైగా క్లాస్ట్రిడియోయిడ్స్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా తెచ్చే విరేచనాలకు మొదటి కారణం యాంటీబయోటిక్, దానికి తోడైన కారణాల్లో యాసిడ్ తగ్గించే మందు ఒకటి. కడుపును కాపాడాలని రాసిన జంట ఆ కడుపునే చెడగొట్టగలదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. మేం మాట్లాడుతున్నది స్ట్రెస్ అల్సర్ నివారణ గురించి మాత్రమే. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ కూడా వాడుతున్న ముప్పున్న రోగి, గతంలో పుండు పగిలి రక్తం పోయిన రోగి, నొప్పిమాత్రలు మానలేని పెద్దవయసు రోగి, అన్నవాహిక తీవ్రంగా పుండుపడ్డ రోగి, బారెట్స్ (అన్నవాహిక లోపలి పొర మారిపోయే జబ్బు) ఉన్న రోగి వేరే లెక్క. వారికి ఈ మందు చికిత్సలో భాగం. ‘అనవసరపు మందుల ఏరివేత’ పేరుతో వీరి మందు ఆపేస్తే జరిగే నష్టం, అనవసరంగా కొనసాగించడం వల్ల జరిగే నష్టం కంటే పెద్దది. ఇంటి దగ్గర వాడుతూ వచ్చిన రోగికి అడ్మిషన్ రోజున ‘ఎవరు రాశారు, దేనికి రాశారు’ అని అడిగి చార్టులో ఎక్కించాలి. కారణం గడి అడుగుతున్నది అందుకే: ఎవరిది ఆపొచ్చో, ఎవరిది ఆపకూడదో అది లేకుండా తేలదు.

ఇప్పుడు ఒక చార్టును మొదటి రోజు నుంచి చివరి దాకా పరిశీలిద్దాం. తీవ్రమైన ఇన్‌ఫెక్షన్‌తో రోగి ఐసీయూలో చేరాడు. వెంటిలేటర్, బీపీ నిలబెట్టే నార్అడ్రినలిన్, ప్లేట్‌లెట్లు 40,000. పాంటోప్రజోల్ 40 మిల్లీగ్రాములు రోజుకోసారి సిరలో రాశారు. నూటికి నూరుపాళ్లు సరైన ఆర్డర్. మూడో రోజుకు నార్అడ్రినలిన్ ఆగింది, నాలుగో రోజు ట్యూబు తీశారు, ఐదో రోజుకు ప్లేట్‌లెట్లు లక్ష దాటాయి, రోగి నోటితో తింటున్నాడు. మందు రాయడానికి ఉన్న కారణాలన్నీ పోయాయి. అదే రోజు వార్డుకు మార్చేటప్పుడు ట్రాన్స్‌ఫర్ షీట్ మీద పాత చార్టులోని మందులన్నీ వరసగా ఎక్కాయి. వార్డులో జూనియర్ డాక్టర్ ఇంజెక్షన్‌ను మాత్రగా మార్చాడు. తగ్గించాననే అనుకున్నాడు కూడా. డిశ్చార్జి సమ్మరీలో ‘టిఫిన్‌కు అరగంట ముందు, ఒక నెల’ అని వచ్చింది. నెల తర్వాత దాన్ని ఆపమని చెప్పేవారు లేరు. ఈ వరసలో ఎవరూ పెద్ద తప్పు చేయలేదు. ఐసీయూ వాళ్లు వార్డు చూసుకుంటుందనుకున్నారు, వార్డు వాళ్లు ఐసీయూ ఏదో కారణంతోనే రాసి ఉంటుందనుకున్నారు. అందుకే ఎవరినో మందలించినందువల్ల ఇది మారదు. కాగితం మారాలి.

ఆ కాగితం ఇలా ఉండాలని మా సూచన. ఆర్డర్ షీట్ మీద, కంప్యూటర్ ఉంటే తెర మీద, మందు పేరు పక్కనే: ‘కారణం: షాక్, ప్లేట్‌లెట్లు 40,000. ఆపేది: బీపీ మందులు ఆగి, ప్లేట్‌లెట్లు 50,000 దాటి, వెంటిలేటర్ తీసిన రోజున, లేదా ఐసీయూ వదిలేటప్పుడు, ఏది ముందైతే అది.’ అడ్మిషన్ ఆర్డర్ సెట్లలో ముందే టిక్ పెట్టి ఉన్న యాసిడ్ మందును తీసేయండి. మేం కోరే మార్పులన్నింట్లో ఎక్కువ ఫలితమిచ్చేది ఇదేనని మా నమ్మకం. ముందే టిక్ పడి ఉన్నదాన్ని ఎవరూ కొట్టేయరు, ఖాళీగా ఉన్న గడిలో టిక్ పెట్టాలంటే ఒక్క క్షణమైనా ఆలోచిస్తారు. ట్రాన్స్‌ఫర్ షీట్‌లో ఈ మందుకు విడిగా ఒక వరుస పెట్టండి: ఆపాం, లేదా కొనసాగిస్తున్నాం, కారణం ఇదీ. ‘పై మందులే కొనసాగించండి’ అన్న వాక్యం ఈ వరుసకు చెల్లదని రాతపూర్వకంగా చెప్పండి. ఐసీయూ ఉదయం రౌండ్‌లో క్యాథెటర్, సెంట్రల్ లైన్ ఇంకా కావాలా అని ఎలాగూ అడుగుతారు. ఆ ప్రశ్నల పక్కనే ఇదీ చేరాలి.

మందు ఎంపిక, డోసు దగ్గర జరిగే పొరపాట్ల గురించి నర్సింగ్, ఫార్మసీ వారికి కొన్ని మాటలు. నివారణకు పాంటోప్రజోల్ రోజుకు 40 మిల్లీగ్రాములు చాలు. రోజుకు రెండుసార్లు ఇవ్వడం, గంటగంటకూ ఇన్‌ఫ్యూజన్ నడపడం రక్తస్రావం అవుతున్న రోగికి వాడే పద్ధతులు. 40 మిల్లీగ్రాముల వయల్‌ను 10 మిల్లీలీటర్ల నార్మల్ సెలైన్‌లో కరిగించి, కనీసం 2 నిమిషాల పాటు నెమ్మదిగా ఇవ్వాలి. మత్తుమందు మిడజోలమ్ నడుస్తున్న లైన్‌లోనే వై-సైట్ (లైన్‌లో రెండో మందు కలిపే చోటు) ద్వారా ఇస్తే తెల్లని ముద్దగా పేరుకోవచ్చు. వెంటిలేటర్ రోగుల్లో ఈ రెండూ ఒకేసారి ఉండటం మామూలే కాబట్టి విడి లైన్ వాడాలి, లేదంటే మిడజోలమ్ ఆపి, ముందూ వెనకా సెలైన్‌తో లైన్ కడగాలి.

ట్యూబు ద్వారా ఆహారం పడుతున్న రోగికి సిరలోనే ఇవ్వాలన్న పట్టుదల అక్కర్లేదు. కానీ పాంటోప్రజోల్ మాత్రను నూరి ట్యూబులో వేయకండి. దాని మీది పూత యాసిడ్ నుంచి మందును కాపాడేందుకే ఉంది. నూరితే జీర్ణాశయంలోనే మందు పాడైపోతుంది. చార్టులో డోసు పడినట్టే ఉంటుంది, రోగికి మాత్రం అందదు. ట్యూబుకు పనికొచ్చేవి ఎసోమెప్రజోల్ గుళికలు నీళ్లలో కలిపి వేసేవి, లేదా నోట్లో కరిగే లాన్సోప్రజోల్ మాత్రలు. గుళికలను కూడా నూరకూడదు. వేశాక ట్యూబును నీళ్లతో బాగా కడగాలి, లేకపోతే సన్నని ట్యూబు మూసుకుపోతుంది. ఆ ట్యూబును మళ్లీ వేయాల్సిన బాధ రాత్రి డ్యూటీ నర్సుదే.

ఫామోటిడిన్ 20 మిల్లీగ్రాములు 12 గంటలకోసారి ఇవ్వడం మరో దారి. మూత్రపిండాల పనితీరు తగ్గిన రోగికి డోసు తగ్గించాలి. తగ్గించకపోతే పెద్దవయసు వారిలో అయోమయం, కలవరింతలు రావచ్చు, వాటిని ఐసీయూ మతిభ్రమగా పొరబడి మరో మందు మొదలుపెడతారు. రానిటిడిన్‌ను, క్యాన్సర్ కారకం కావచ్చన్న ఎన్‌డీఎంఏ అనే మలినం కారణంగా, మార్కెట్ నుంచి తీసేయాలని 2020 ఏప్రిల్‌లో అమెరికా ఎఫ్‌డీఏ కోరింది. మీ ఫార్ములరీలో (ఆసుపత్రి మందుల జాబితాలో) పాత పేరు ఇంకా ఉంటే కొట్టేయండి. పుండు మీద పూతలా పరుచుకునే సుక్రాల్‌ఫేట్ రక్తస్రావాన్ని నివారించడంలో రానిటిడిన్ కంటే వెనకబడిందని 1998లో 1,200 మందితో చేసిన ట్రయల్‌లోనే తేలింది. దానికితోడు అది ట్యూబులను మూసేస్తుంది, సిప్రోఫ్లాక్సాసిన్, లీవోథైరాక్సిన్, ఫెనిటోయిన్ వంటి మందులను ఒంటబట్టనివ్వదు. ప్రత్యేక కారణం లేకుండా దాని జోలికి పోకపోవడం మేలు. ఫామోటిడిన్, పాంటోప్రజోల్ రెండూ ఒకే చార్టులో కనిపిస్తే ఒకటి కొట్టేయడానికి ఫార్మసిస్టుకు అధికారం ఇవ్వండి. క్లోపిడోగ్రెల్ వాడుతున్న రోగికి ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ బదులు పాంటోప్రజోల్ ఎంచుకోవాలి. వాంతులు తగ్గించే డోంపెరిడోన్ కలిపిన మాత్రను నివారణ పేరుతో రాయడానికి ఏ కారణమూ లేదు. దానిలాగే ఈసీజీలో క్యూటీ పొడవు పెంచి గుండె లయను చెడగొట్టగల మందులు ఐసీయూలో ఇప్పటికే చాలినన్ని ఉంటాయి.

హాని గురించి అతిశయోక్తి మాకు ఇష్టం లేదు. న్యుమోనియా, డిఫిసిల్ విరేచనాలు పెరుగుతాయన్న మాట ఎక్కువగా పరిశీలన అధ్యయనాల నుంచి వచ్చింది. ఐసీయూ ట్రయల్స్‌లో అది స్పష్టంగా రుజువు కాలేదు. కాబట్టి ముప్పున్న ఐసీయూ రోగికి న్యుమోనియా భయంతో మందు ఆపడం తప్పే. కానీ మేలు దాదాపు సున్నా ఉన్న చోట చిన్న హాని కూడా ఎక్కువే. ఇంటిదాకా వెళ్లి నెలల తరబడి సాగితే మెగ్నీషియం పడిపోవడం, బి12 తగ్గడం, అరుదుగా మూత్రపిండాల వాపు చూస్తాం. ఫంగస్‌కు వాడే ఇట్రాకొనజోల్ క్యాప్సూల్, హెచ్ఐవీకి వాడే అటజనవిర్, రిల్పివిరిన్ లాంటి మందులు ఒంటికి సరిగా పట్టవు. మరో సంగతి తక్కువ మందికి తెలుసు. వారాల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే కొన్నాళ్లు యాసిడ్ మామూలు కంటే ఎక్కువ ఊరుతుంది. అంతకు ముందు మంటే లేని మనిషికి అప్పుడు మంట మొదలవుతుంది. ‘చూశారా, మందు మానితే నాకు పడదు’ అని మళ్లీ అందుకుంటాడు. ఐసీయూలో ఐదారు రోజులు వాడిన రోగికి ఈ గొడవ ఉండదు. అక్కడే ఒక్క గీతతో ఆపేయవచ్చు, మెల్లగా తగ్గించాల్సిన పని లేదు. నెలల తర్వాత ఆపాలంటే ముందుగా చెప్పి, అవసరమైనప్పుడు తాగేందుకు యాంటాసిడ్ ఇచ్చి ఆపాలి.

రెండో వైపు కూడా చూడండి. ఈ నియమం పెట్టాక కొన్ని చోట్ల చెయ్యి అటువైపు జారే ప్రమాదం ఉంది: ప్లేట్‌లెట్లు పడిపోయి వెంటిలేటర్ మీద ఉన్న రోగికి కూడా మందు రాయకపోవడం. కాబట్టి లెక్కపెట్టేటప్పుడు అనవసరంగా ఇచ్చినవాటినే కాదు, ఇవ్వాల్సి ఉండి ఇవ్వనివాటినీ లెక్కపెట్టాలి.

లెక్కకు పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. నెలలో ఒక రోజు, చెప్పకుండా, ఒక ఫార్మసిస్టు, ఒక నర్సు కలిసి అన్ని వార్డుల చార్టులూ చూడాలి. నాలుగు అంకెలు రాసుకోవాలి: యాసిడ్ మందు ఉండి కారణం రాయనివి, ముప్పు ఉండి మందు లేనివి, నోటితో తింటున్నా సిరలోనే నడుస్తున్నవి, ఆ వారం డిశ్చార్జి సమ్మరీల్లో ఆపే తేదీ లేకుండా వెళ్లినవి. రక్తస్రావం అయిన కేసులను విడిగా నమోదు చేయండి. ట్యూబులో కాఫీ రంగు ద్రవం కనిపించిన ప్రతిదాన్నీ లెక్కేస్తే అంకెలు ఉబ్బుతాయి. రక్తం కనిపించడంతో పాటు బీపీ పడటమో, హిమోగ్లోబిన్ 2 గ్రాములు తగ్గడమో, రక్తం ఎక్కించాల్సి రావడమో జరిగితేనే లెక్కలోకి తీసుకోండి. ఆ పట్టిక యూనిట్ పేరుతో కమిటీకి రావాలి, డాక్టర్ పేరుతో వద్దు. పేర్లు పెడితే రెండో నెలకే చార్టుల్లో కారణం గడి నిండా ‘గ్యాస్ట్రైటిస్’ అని రాసి పడేస్తారు, అది మీకూ తెలుసు. ఆ ఒక్క మాటను కారణంగా ఒప్పుకోవద్దని కూడా నియమంలో చేర్చండి.

రాబోయే కమిటీ సమావేశం అజెండాలో ఇవి పెట్టమని కోరుతున్నాం: ఆర్డర్ సెట్ల నుంచి ముందస్తు టిక్ తొలగింపు, కారణం–ఆపే షరతు గళ్లు, ట్రాన్స్‌ఫర్ షీట్‌లో విడి వరుస, రాతపూర్వక ప్రమాణాలు దాటిన ఆర్డర్‌ను ఆపమని అడిగే హక్కు ఫార్మసిస్టుకు, మొదటి చార్టుల లెక్కకు తేదీ. లెక్క మాత్రం నియమం అమల్లోకి రాకముందే ఒకసారి తీయించండి. ముందు అంకె లేకపోతే ఆరు నెలల తర్వాత తగ్గిందో పెరిగిందో చెప్పడానికి ఆధారం ఉండదు.

ఇట్లు,
మందుల చార్టులు పరిశీలించే క్లినికల్ ఫార్మసిస్టులు, ఐసీయూ వైద్యులు, నర్సులు